అప్‌డేట్: ఓడ పెయింటింగ్ మీద తెల్లటి మసక పోయింది

ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ 1839లో వేసిన ఓడ చిత్రం ‘ఫైటింగ్ టెమెరేర్’కు చేత్తో వేయించిన ఆయిల్ నకలు మీద, ఆ ఓడను లాగే టగ్ బోటు నల్ల పొగగొట్టం చుట్టూ తెల్లటి మసక వస్తోందని వానాకాలంలో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

గుంటూరులో పటాలు బాగుచేసే ఒకాయన భూతద్దం పెట్టి చూసి తేల్చారు. బూజు కాదట, తేమకు వార్నిష్ తెల్లబారింది. ‘ముందు గోడ చూడండి’ అన్నవారి మాటే నిజమైంది. విజయవాడలో మా ఇంట్లో ఆ గోడకు అవతల బాత్రూమ్!

ఆయన పాత వార్నిష్ తీసి కొత్తది పూశారు. పటాన్ని హాల్లోకి మార్చి, వెనక గాలి ఆడేలా మూలలకు బిరడా ముక్కలు అంటించాం. నెల దాటింది, మసక మళ్లీ రాలేదు.

ఇది ప్రింటేమో అని నేను పడ్డ టెన్షన్ దండగ, కుంచె గీతలు చేతికి తగులుతున్నాయి. ఉల్లిపాయ ముక్కతో రుద్దే చిట్కా జోలికి మాత్రం పోకండి. ఒక మూల రుద్ది చూశాను, అక్కడ మెరుపు పోయింది.