సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ 17వ హోల్ ఎలా ఆడుతున్నారు?

బోగీబాబు:
గోల్ఫ్ సిమ్‌లో (సిమ్యులేటర్) స్కాట్లాండ్‌లోని ఓల్డ్ కోర్స్ ఆడుతున్నా, 16 దాకా స్కోర్ బాగానే ఉంటోంది, 17 రోడ్ హోల్ దగ్గరికొచ్చేసరికి మొత్తం పోతోంది. 495 గజాల పార్ 4 (నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్), టీ (మొదటి షాట్ కొట్టే చోటు) మీద నుంచి ఫెయిర్‌వే (బాల్ పడాల్సిన కత్తిరించిన గడ్డి దారి) సరిగ్గా కనపడదు, హోటల్ పక్కన షెడ్ల మీదుగా కొట్టాలి, కొంచెం కుడికి పోయిందా అవుట్ ఆఫ్ బౌండ్స్. అది ఎలాగో దాటినా సెకండ్ షాట్ గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద పడి వెనక రోడ్డు మీదకి పోతోంది, లేదంటే ఎడమ పక్క బంకర్‌లోకి (ఇసుక గుంట) జారుతోంది. వేరే కోర్సుల్లో పిన్ (హోల్‌లో ఉండే జెండా) చూసి కొడితే ఆగుతుంది కదా, ఇక్కడ ఫిజిక్స్ ఏమన్నా తేడానా?

పటర్‌పిచ్చి:
ఫిజిక్స్ బానే ఉంది బ్రో, అది లింక్స్ కోర్స్. సముద్రం పక్కన ఇసుక నేల, నీళ్ళు ఇట్టే ఇంకిపోతాయి, నేల గట్టిగా ఉంటుంది, అందుకే బాల్ పడ్డాక చాలా దూరం దొర్లుద్ది. ఎత్తుగా కొట్టి ఆపుదామనుకోకు, లో షాట్ కొట్టి గ్రీన్‌కి బాగా ముందే పడేసి దొర్లనివ్వు. పిన్ బంకర్ వెనకుంటే అసలు అటు చూడకు, గ్రీన్ ముందు కుడివైపు గురిపెట్టు, అక్కణ్ణుంచి పటర్‌తోనే (బాల్ దొర్లించే కర్ర) కొట్టొచ్చు. ఐదు వస్తే సంతోషంగా 18కి పో.

లింక్స్‌రాజు:
గ్రీన్ మీదున్నా సేఫ్ కాదండి. 1978 బ్రిటిష్ ఓపెన్ టోర్నీలో జపాన్ ఆటగాడు నకజిమా ఇదే హోల్‌లో రెండో షాట్‌కే గ్రీన్ ఎక్కాడు, తీరా పట్ కొడితే బాల్ వాలు మీద జారి అదే బంకర్‌లో పడింది, బయటికి రావడానికే నాలుగు షాట్లు, చివరికి ఆ హోల్‌లో 9. సిమ్‌లో పట్టింగ్ గ్రిడ్ (గ్రీన్ వాలు చూపించే గీతలు) ఆన్ చేసి చూడండి, బంకర్ చుట్టుపక్కలంతా అటే లాగుతుంటుంది. బాల్ బంకర్ గోడకి ఆనుకుంటే పక్కకో వెనక్కో కొట్టెయ్యడమే, నేరుగా జెండా వైపు ట్రై చెయ్యొద్దు. 14వ హోల్‌లో హెల్ బంకర్‌కి కూడా ఇదే రూల్, 1995 ఓపెన్‌లో గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ అంతటోడికే ఆ హోల్‌లో 10 పడింది.

పటర్‌పిచ్చి:
అదే కోర్స్‌లో టైగర్ వుడ్స్ 2000 ఓపెన్‌లో నాలుగు రౌండ్లూ ఒక్క బంకర్‌లో కూడా పడకుండా 19 అండర్ (పార్ కంటే 19 షాట్లు తక్కువ) కొట్టాడు మరి 😄 112 బంకర్లున్నాయంటారు అక్కడ.

బోగీబాబు:
ఆయన సంగతి వదిలెయ్ బ్రో. సెట్టింగ్స్‌లో గ్రీన్ ఫర్మ్‌నెస్ (గట్టిదనం) హైలో ఉంది, తగ్గించెయ్యనా?

లింక్స్‌రాజు:
తగ్గిస్తే బాల్ పడినచోటే ఆగిపోద్ది, ఇంక ఆ కోర్స్‌ పెట్టుకుని ఏం లాభం. అది అలాగే ఉంచి గాలి స్పీడ్ తగ్గించుకోండి, చేయి అలవాటయ్యాక పెంచుకోవచ్చు.