ఓవర్‌వాచ్‌లో మ్యాపులూ మోడ్‌లూ ఎక్కడినుంచి పట్టుకోవాలి?

రాజోలు_కుర్రోడు:

అన్నలకీ అక్కలకీ నమస్కారం అండి. మాది రాజోలు దగ్గర ఒక లంక ఊరు. డిగ్రీ సెలవులకి ఇంటికొస్తే మా బావ ఈ ఓవర్‌వాచ్ అనే జట్ల తుపాకీ ఆట అంటగట్టాడు. ఇంతకుముందు ఫోన్‌లో ఫ్రీ ఫైర్ మ్యాక్స్ తప్ప వేరే ఏదీ ముట్టుకోలేదు. గురి బాగానే ఉంది, ఆ మాట బావే ఒప్పుకున్నాడు. కష్టమల్లా ఎక్కడ నిలబడాలో తెలియకపోవడమే.

అక్కడైతే ఒకటే లెక్క, ఆఖరిదాకా బతికుంటే గెలిచినట్టు. ఇక్కడ ఎంతమందిని లేపేసినా ఓడిపోతున్నాం. ఒక ఆటలో రింగులో నిలబడమంటాడు. ఇంకోదాంట్లో బండి తొయ్యమంటాడు. మరోదాంట్లో రింగు పట్టాక బండి బయల్దేరుతుంది. రోబో వెంట పడేది ఒకటి. ఇంకోటి ఉంది, అందులో ఊరంతా పరిగెత్తడానికే టైము సరిపోతుంది. బావ హెడ్‌సెట్‌లో "పాయింటు మీదికి రారా, పాయింటు మీదికి రారా" అని ఒకటే గోల. వెళ్తే అవతలివాళ్లు నా మీద పడతారు, వెళ్లకపోతే బావ పడతాడు.

యూట్యూబ్‌లో చూసి నేర్చుకుందామంటే హనమురా అని ఏదో మ్యాపు గంటసేపు చెప్తున్నారు. నాకు ఒక్కసారి కూడా రాలేదు. పాత్రల్లో ఎక్కువగా తుపాకీ పట్టే సోల్జర్ 76, బావ తిడితే జట్టుకి ప్రాణం నింపే లూసియో ఆడతాను. మ్యాపులన్నీ బట్టీ పట్టాలా? మోడ్ ముందు నేర్చుకోవాలా, మ్యాపు ముందా?

కాకినాడ_కాజా:

హనమురా సంగతి నేను చెప్తాను, మిగతాది పెద్దవాళ్లు చూసుకుంటారు. అది అసాల్ట్ అనే పాత మోడ్‌ది. రెండు పాయింట్లు ఒకదాని తర్వాత ఒకటి పట్టాలి. 2016 మేలో ఆట వచ్చినప్పట్నుంచీ ఉంది. 2022 అక్టోబరులో ఓవర్‌వాచ్ 2గా మార్చినప్పుడు మామూలు ఆటల్లోంచి తీసేశారు. అప్పుడప్పుడు ప్రత్యేక మోడ్‌లలో మెరుస్తుంది, అంతే. జట్టుకి ఆరుగురు కాస్తా అయిదుగురయింది కూడా అప్పుడే. ముందు నిలబడి దెబ్బలు కాసే ట్యాంకు ఒకడు, కొట్టే డ్యామేజ్ ఇద్దరు, ప్రాణం నింపే (హీల్ ఇచ్చే) సపోర్ట్ ఇద్దరు. కాబట్టి వీడియో నొక్కేముందు తేదీ చూడు. అంతకుముందుదైతే "ఇద్దరు ట్యాంకులు ముందు, మీరు వెనక" అని చెప్తారు. నీ ఆటలో ఆ రెండో ట్యాంకు ఎక్కణ్నుంచి వస్తాడు?

పాలకొల్లు పెద్దాయన ఈ వేళప్పుడు చెరువు దగ్గరుంటారు. కాసేపాగు, వస్తారు.

పాలకొల్లు_ట్యాంకు:

వచ్చాను. ఏరియేటర్లు తిరుగుతున్నాయి, రొయ్య బాగానే ఉంది. ఇక నీ సంగతి చూద్దాం తమ్ముడూ.

బట్టీ పట్టొద్దు. మ్యాపులు పాతిక పైనే ఉన్నాయి, పైగా వాళ్లు మధ్యమధ్యలో గోడలు కూడా మార్చేస్తుంటారు. ముందు మోడ్ పట్టుకో. కొట్లాట ఎక్కడ జరుగుతుందో, అది ఉన్నచోటే ఉంటుందో కదులుతుందో మోడ్ చెప్తుంది. అక్కడికి ఏ దారిన వెళ్లాలో మ్యాపు చెప్తుంది. ఎక్కడికెళ్లాలో తెలియనివాడికి దారులన్నీ తెలిసి ఏం లాభం?

నువ్వు రింగు అన్నదాన్నే పాయింటు అంటాం. అందులో నిలబడే ఆట కంట్రోల్, అక్కడ కొట్లాట కదలదు. ఇలియోస్, నేపాల్, లిజియాంగ్ టవర్, ఒయాసిస్, బుసాన్, ఇవన్నీ అవే. మూడింట రెండు రౌండ్లు గెలవాలి, రౌండు రౌండుకీ చోటు మారుతుంది. మీ బావ "పాయింటు మీదికి రా" అనేది ఈ మోడ్‌లో కొంత నిజం, కొంత కంగారు. పాయింటు మీద మనవాడు ఒక్కడుంటే చాలు, తెర మీద మన శాతం 100 వైపు పెరుగుతూనే ఉంటుంది. మిగతా నలుగురూ అవతలివాళ్లు వచ్చే ద్వారం మీద కన్నేసి ఉండాలి. ఇంకో సంగతి. వాళ్లు 60 శాతం దాకా వెళ్లాక పాయింటు మన చేతికొస్తే, వాళ్ల 60 అక్కడే ఆగుతుంది, పోదు. మళ్లీ పట్టుకుంటే అక్కణ్నుంచే లెక్క. అందుకని 30 దగ్గర ఉన్నప్పుడు ఒక్కొక్కరే పరిగెత్తి చావొద్దు. ఆగండి, అయిదుగురూ కలవండి, అప్పుడు వెళ్లండి.

బండి తోసే ఎస్కార్ట్‌లో కొట్లాట కదులుతుంది, దారి మాత్రం ముందే తెలుసు. ఇక్కడే మీ బావతో నాకు పేచీ. అంతర్వేది తీర్థానికి వెళ్లే ఉంటావు. భీష్మ ఏకాదశి నాడు అందరూ రథం తాడే పట్టుకుంటారా? ముందు జనాన్ని తప్పించేవాళ్లు లేకపోతే రథం అడుగు కదలదు. ఈ బండీ అంతే. మనవాడు ఒకడు పక్కనుంటే కదులుతుంది, ముగ్గురి దాకా వేగం పెరుగుతుంది. నాలుగోవాడూ అయిదోవాడూ ఉత్త అలంకారం. అవతలివాడు ఒక్కడొచ్చి బండిని అంటుకుంటే మొత్తం ఆగిపోతుంది. కాబట్టి నువ్వు సోల్జర్‌వి, బండికి ముందు, రాబోయే మలుపు దగ్గర, వీలైతే మేడ మీద ఉండాలి. బండి వెనక నక్కితే నీకు కనిపించేది బండి వెనక భాగమే. అలాగని అందరూ ముందుకి ఉరికి బండిని ఒంటరిగా వదిలేస్తే కాసేపటికి అది వెనక్కి దొర్లడం మొదలెడుతుంది.

రింగు పట్టాక బండి బయల్దేరేది హైబ్రిడ్. కింగ్స్ రో తీసుకో, నాకు చాలా ఇష్టమైన మ్యాపు. లండన్ వీధి. దాడి చేసేటప్పుడు విగ్రహం దగ్గర దారి ఇరుకవుతుంది. అవతల రైన్‌హార్డ్ అనే ట్యాంకు డాలు పట్టుకుని అక్కడే కాపు కాస్తాడు. కొత్తవాళ్లందరూ ఆ విగ్రహం వెనక గుంపుగా నిలబడి డాలు మీద కాలుస్తుంటారు, గడియారం పరిగెడుతుంటుంది. నువ్వు అక్కడ నిలబడకు. పక్క భవనాల్లోంచి మెట్లెక్కి పైకి వెళ్లే దారులున్నాయి. సోల్జర్‌కి పరుగుంది కదా, గుంపు ఎదురుగా చప్పుడు చేస్తుండగా నువ్వు పైకెక్కు. రైన్‌హార్డ్ డాలు ఒక వైపుకే. నీ వైపు తిప్పితే మీవాళ్లకి సందు, తిప్పకపోతే వాడి వెనకున్న సపోర్ట్ నీకు దొరుకుతాడు. పాయింటు పట్టాక వీధి పొడవుగా సాగుతుంది, రెండు వైపులా మేడలు. ఆఖరి భాగం లోపలికి, కప్పు కిందికి వెళ్తుంది. అక్కడ మళ్లీ ఇరుకు. ఒకే మ్యాపులో మూడు రకాల కొట్లాటలు. దీన్ని బాగా నమిలితే హాలీవుడ్, నుంబాని, ఐకెన్‌వాల్డె వాటంతటవే బోధపడతాయి.

ఇంకోటి ఎవ్వరూ చెప్పరు, అందుకే చెప్తున్నాను. చచ్చాక తిరిగి రావడానికి ఎంత దూరం నడవాలో గమనించు. బండి చివరికొచ్చేసరికి కాపాడేవాళ్ల ఇల్లు పక్కనే ఉంటుంది. నువ్వొకణ్ని చంపితే వాడు చిటికెలో తిరిగొస్తాడు. నువ్వు చస్తే వీధంతా నడిచి రావాలి. కాబట్టి చివరి భాగంలో ఒక్కణ్ని లేపి సంబరపడితే లాభం లేదు, ఇద్దరు ముగ్గుర్ని వెంటవెంటనే పడగొట్టాలి. దానికోసం అల్టిమేట్‌లు, అంటే ఒక్కో పాత్రకుండే పెద్ద దెబ్బలు, దాచుకోండి. మొదటి భాగంలో అన్నీ ఖర్చుపెట్టేసి చివర్లో ఉత్త చేతులతో వెళ్లే జట్లే ఎక్కువ.

పుష్‌లో రోబో ఎవరి చేతికొస్తే వాళ్ల అడ్డుగోడ దగ్గరికి నడిచి, దాన్ని అవతలివాళ్ల వైపు తోస్తుంది. ఎవరు ఎక్కువ దూరం తోయిస్తే వాళ్లది ఆట. వట్టి చేతులతో నడిచేటప్పుడు రోబో వేగంగా వెళ్తుంది, గోడ తోసేటప్పుడు నెమ్మది. అందుకే రోబో మీ వైపు తిరిగిన వెంటనే దాన్ని అంటిపెట్టుకుని ఉండక్కర్లేదు, ముందుకెళ్లి చోటు చూసుకోవచ్చు.

నువ్వు పరిగెత్తేది ఫ్లాష్‌పాయింట్. అయిదు చోట్లలో ఎవరు ముందు మూడు పడితే వాళ్లు గెలుస్తారు. మొదటిది ఎప్పుడూ మధ్యలోదే. తర్వాతది ఎక్కడో తెర మీద కనిపిస్తుంది. ఉన్న పాయింటు ఎలాగూ పోతోందని తెలిసినప్పుడు అక్కడే చావకుండా తర్వాతదానికి ముందే వెళ్లి మంచి చోటు పట్టుకునేవాడు తెలివైనవాడు. సురవాస వస్తే కాస్త ఆగి చూడు, అది మన దేశంలో పెట్టిన మ్యాపు. 2023 ఆగస్టులో ఈ మోడ్‌తోపాటే వచ్చింది. ఆటలో సిమెట్రా అనే పాత్రది హైదరాబాదు అని తెలుసుగా, ఆ మ్యాపులో సిమెట్రా పడితే నాకు అదో ముచ్చట.

ఇక సాధన. కస్టమ్ గేమ్ తెరిచి, ఎవర్నీ పిలవకుండా ఒంటరిగా ఒక్క మ్యాపులోకి వెళ్లు. తుపాకీ పేల్చకు. దాడి వైపునుంచి పాయింటు దాకా మామూలుగా నడువు, తర్వాత అదే దారి కాపలా వైపునుంచి. ప్రాణం నింపే మందు డబ్బాలు ఎక్కడున్నాయో, ఏ మేడ ఎక్కితే ఏ వీధి కనిపిస్తుందో చూసుకో. ఆ రాత్రి ఆ మ్యాపు వస్తే నీకే తేడా తెలుస్తుంది.

తణుకు_అనా:

బాబాయ్ గారూ, అంతా బాగా చెప్పారు కానీ ప్రతిదానికీ "మేడెక్కు" అంటే నేను ఒప్పుకోనండి. సోల్జర్‌కి సరే. ఆ అబ్బాయి లూసియో కూడా ఆడతానన్నాడు. సపోర్ట్ మేడెక్కి కూర్చుంటే కింద ట్యాంకు మూల తిరగ్గానే కనిపించడు, "హీల్, హీల్" అని అరుస్తూ చస్తాడు. మీరే ఎన్నిసార్లు అరిచారో గుర్తు చెయ్యమంటారా?

తమ్ముడూ, సపోర్ట్‌గా ఆడేటప్పుడు మ్యాపుని మూలలుగా చూడు. నువ్వు నిలబడ్డచోటునుంచి నీ ట్యాంకు కనపడాలి, ఒక్క అడుగు పక్కకేస్తే శత్రువుకి నువ్వు కనపడకూడదు. అలాంటి మూల దొరికితే అదే నీ ఇల్లు. ట్యాంకు ముందుకెళ్తే నువ్వు తర్వాతి మూలకి. సర్క్యూట్ రాయల్ మొదట్లో, హవానా చివర్లో దారి పొడవుగా, తిన్నగా ఉంటుంది, అటు దూరంనుంచి గురిపెట్టి కాల్చే విడోమేకర్ కూర్చునుంటుంది. అక్కడ వీధి మధ్యలో నడిచేవాడికి ఎంత హీలిచ్చినా దండగే.

లూసియోకైతే ఇలియోస్‌లో బావి రౌండు నీదే. పాయింటు మధ్యలోనే పెద్ద గొయ్యి ఉంటుంది, పడితే అంతే సంగతులు. కొత్తవాళ్లు బావి అంచున, బావికి వీపు పెట్టి నిలబడి ద్వారం వైపు కాలుస్తుంటారు. నువ్వు గోడెక్కి జారుకుంటూ వాళ్ల ముందుకి దిగి ఒక్క తోపు తోస్తే లోపలికి. ఎంత ప్రాణమున్న ట్యాంకైనా సరే. నీ వరకు వచ్చేసరికి అటూ ఇటూ రెండూ చూసుకోవాలి. వీపు ఎప్పుడూ గోడకే ఉండాలి. అవతల రోడ్‌హాగ్ ఉంటే నీకూ వాడికీ మధ్య బావి రానివ్వకు, కొక్కెం వేసి లాగాడంటే సరిగ్గా గొయ్యి మీద దింపుతాడు. లిజియాంగ్‌లో తోట రౌండు, నేపాల్‌లో గొయ్యి ఉన్న రౌండు, ఇవన్నీ ఇదే లెక్క. ఒయాసిస్‌లో నగరం రౌండులో గొయ్యికి బదులు రోడ్డు మీద కార్లు పోతుంటాయి, గుద్దితే చావే. అదొక్కటి మాత్రం మన 216 హైవే దాటినట్టే చూసి దాటాలి.

హెడ్‌సెట్‌లో "అక్కడ, అక్కడ" అనడం మానెయ్యమని మీ బావకి చెప్పు. ఎక్కడ? మా జట్టులో ఎత్తున్నవన్నీ మేడ, ఇరుకుది సందు, చుట్టుతిరిగి వచ్చేది పెరటి దారి. "పెరట్లో ట్రేసర్" అంటే చాలు, అందరూ వెనక్కి తిరుగుతారు. మాట రాకపోతే పింగ్ బటన్ నొక్కు, ఆ చోటు అందరికీ కనిపిస్తుంది.

రాజోలు_కుర్రోడు:

ఆయ్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదండి. నిన్న రాత్రి కరెంటు పోకముందు కింగ్స్ రోలో ఒంటరిగా తిరిగొచ్చాను. మెట్లు దొరికాయి. విగ్రహం దగ్గర నిలబడి ఇన్నాళ్లూ నేనేం చూస్తున్నానో తెలీదు.

ఒక్క డౌటు మిగిలిపోయింది. కంట్రోల్‌లో వాళ్లది 99కి వచ్చాక ఒక్కోసారి వెంటనే ఓడిపోతాం, ఒక్కోసారి ఎంతసేపైనా సాగుతుంది. ఎందుకలా?

పాలకొల్లు_ట్యాంకు:

ఓవర్‌టైమ్. 99 దగ్గర మనవాడు ఒక్కడైనా పాయింటు మీదుంటే ఆట ఆగదు. తెర మీద మండుతున్న వత్తిలాంటి గీత కనిపిస్తుంది. కాలు తీస్తే అది కరిగిపోతుంది. ఎవ్వరూ లేకపోతే 100, అయిపోయింది. బండి ఆటలోనూ అంతే, టైము సున్నా అయినా దాడివాడు బండిని తాకుతూ ఉంటే ఇంకా బతికున్నట్టే.

ఇక్కడ మాత్రం మీ బావ అరుపు నూటికి నూరుపాళ్లూ నిజం. 99 అయితే లెక్కలన్నీ పక్కన పెట్టి పాయింటు మీదికి పరిగెత్తు.

తణుకు_అనా:

పరిగెత్తేది లూసియో అయితే ఇంకా మంచిది. 90 దాటగానే హీలింగ్ పాట ఆపి స్పీడు పాటకి మార్చు, అయిదుగుర్నీ కలిపి తీసుకెళ్లు. అల్టిమేట్ ఉంటే దార్లో వాడకు. పాయింటు మీద కాలు పెట్టాక, వాళ్లు తమవి వాడుతున్నప్పుడు కొట్టు.