లూప్‌ని వదులు చేస్తే ఎంజైమ్ వేగం పెరగాలి కదా? మాకెందుకు పెరగలేదు?

లూప్‌లో ఇరుక్కున్నాను:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టులో ఉన్నాను. మా ఎంజైమ్ వేడినీటి ఊటల్లో బతికే బాక్టీరియాది. 70 డిగ్రీల దగ్గర చురుగ్గా ఉంటుంది, 25 దగ్గర నత్తనడక. యాక్టివ్ సైట్ (పదార్థం అతుక్కుని మారే చోటు) మీదికి వాలే లూప్ (ప్రొటీన్ గొలుసులో వంగి కదిలే ముక్క) మొదట్లో ఒక ప్రొలీన్ (గొలుసును బిగించే అమైనో ఆమ్లం) ఉంది. వేడిని తట్టుకునే ఎంజైమ్‌లు బిగుసుకుని ఉంటాయి, అందుకే చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా కదల్లేవు అని చదివి, ఆ ప్రొలీన్‌ని గ్లైసీన్‌గా (సులువుగా వంగే అమైనో ఆమ్లం) మార్చాం. కంప్యూటర్ సిమ్యులేషన్‌లో లూప్ బ్రహ్మాండంగా ఊగుతోంది. తీరా కొలిస్తే 25 డిగ్రీల దగ్గర కెక్యాట్ (ఒక్కో ఎంజైమ్ అణువు సెకనుకు గరిష్ఠంగా మార్చే అణువుల సంఖ్య) దాదాపు పాతదే, కెఎమ్ (అందులో సగం వేగం రావడానికి కావాల్సిన పదార్థం గాఢత) మాత్రం బాగా పెరిగింది. అంటే ఎంజైమ్ ఇంకా చెడినట్టే కదా? నమ్యత పెరిగితే పని వేగం పెరుగుతుందన్న మాటే తప్పా? వైవాలో కచ్చితంగా దీని మీదే పట్టుకుంటారు.

పిపెట్ ప్రాణి:
సిమ్యులేషన్ ఎంతసేపు నడిపారు? కొన్ని వందల నానోసెకన్లేనా? మీ ఎంజైమ్ సెకనుకు 100 అణువుల్ని మారుస్తుందనుకున్నా ఒక్కోదానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. మీరు చూసిన ఊపు అందులో పదివేలో వంతు కూడా కాదు. ఆ గ్రాఫ్ చూసి వేగం గురించి ఏమీ చెప్పలేం.

పాత ఎన్ఎంఆర్ చెయ్యి:
పై మాట నిజమే. కానీ సిమ్యులేషన్ పొడుగ్గా నడిపినా మీ ప్రశ్న అలాగే ఉంటుంది. నా ఉద్యోగమంతా ఎన్ఎంఆర్ (అయస్కాంతంతో అణువుల కదలికలు కొలిచే పద్ధతి) మిషన్ పక్కనే గడిచింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

"ఎంత ఊగుతోంది" అని అడగడం దగ్గరే తేడా వస్తుంది. సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ మార్చే పదార్థం) రావాలి, లూప్ మూసుకోవాలి, బంధం తెగాలి, లూప్ తెరుచుకోవాలి, ప్రొడక్ట్ బయటికి పోవాలి. వీటిలో ఏది అన్నిటికన్నా నిదానమో దాని వేగమే కెక్యాట్‌లో కనిపిస్తుంది. మిగతావి ఎంత వదులు చేసినా కెక్యాట్ కదలదు.

దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ అడినైలేట్ కైనేజ్. ఏటీపీ, ఏఎంపీ అనే ఫాస్ఫేట్ ఉన్న అణువులు రెండింటినీ పట్టుకుని రెండు ఏడీపీలుగా మార్చే ఎంజైమ్. దాని మీద మూతలాంటి భాగం ఉంటుంది. ఈ.కోలై ఎంజైమ్‌నీ, 95 డిగ్రీల దాకా తట్టుకునే ఆక్విఫెక్స్ బాక్టీరియా ఎంజైమ్‌నీ 20 డిగ్రీల దగ్గర ఎన్ఎంఆర్‌తో పోల్చి 2004లో ఒక పేపర్ వచ్చింది. మూత మూసుకునే వేగం రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. తెరుచుకోవడం దగ్గరే తేడా: ఈ.కోలైది సెకనుకు సుమారు 290 సార్లు, ఆక్విఫెక్స్‌ది 44 సార్లు. కెక్యాట్‌లు కూడా ఆ లెక్కకే దగ్గరగా వచ్చాయి, సుమారు 260, 30. ఫాస్ఫేట్ మార్పిడి అనే అసలు రసాయనం అంతకన్నా చాలా త్వరగా అయిపోతుంది. పని పూర్తయ్యాక మూత ఎప్పుడు తెరుచుకుంటుందా అని ఎంజైమ్ కాచుకుని ఉంటుందన్నమాట. "వేడి ఎంజైమ్ బిగువు, అందుకే నిదానం" అని మీరు చదివినదానికి గట్టి ఆధారం ఇలాంటి చోట ఉంది. అయితే అక్కడ నిదానమైనది ఒక్క కదలిక, ఒక్క దిక్కులో. ఒళ్లంతా బిగుసుకుపోవడం కాదు.

ఇప్పుడు మీ ప్రొలీన్ సంగతి. గ్లైసీన్ పెట్టగానే తెరిచి ఉన్న లూప్‌కి తిరగడానికి బోలెడు చోటు దొరికింది. మూసుకోవాలంటే ఆ స్వేచ్ఛనంతా వదులుకోవాలి. ఆ ఎంట్రోపీ నష్టాన్ని పూడ్చాల్సింది సబ్‌స్ట్రేట్ అతుక్కోవడం వల్ల వచ్చే శక్తే, కాబట్టి కెఎమ్ పెరిగింది. మూసుకున్నాక యాక్టివ్ సైట్ మునుపటిలాగే ఉంటే తర్వాతి మెట్లన్నీ పాత వేగంతోనే నడుస్తాయి, కెక్యాట్ అక్కడే నిలుస్తుంది. మీ అంకెలు ఈ కథకు సరిగ్గా సరిపోతున్నాయి. ఇవి చెడిన అంకెలేం కావు, మంచి ఫలితం.

మీ అదృష్టం బాగుంది కూడా. ట్రయోస్ ఫాస్ఫేట్ ఐసోమరేజ్ (చక్కెర నుంచి శక్తి తీసే దారిలో ఒక ఎంజైమ్) లూప్‌కి రెండు వైపులా ఉండే కీలు భాగాల్లో గ్లైసీన్లు నింపి చూసినవాళ్లున్నారు. అక్కడా ప్రొలీన్ పోయింది. కెఎమ్ పెరగడమే కాదు, కెక్యాట్ కూడా దారుణంగా పడిపోయింది. ఆ కీళ్లు అక్కడ ఉన్నది లూప్‌ని ఊపడానికి కాదు, రెండే రెండు భంగిమల మధ్య నడపడానికి. దారి తప్పడానికి చోటిస్తే లూప్ తప్పుతుంది. 1990లో ఇంకొకరు ఆ లూప్‌లో కొంత భాగాన్ని కోసేసి చూశారు. వేగం లక్ష రెట్లు పడిపోయింది. అంతకన్నా పెద్ద సంగతి, మధ్యలో పుట్టే పదార్థం చేయి జారి, ఫాస్ఫేట్‌ని పోగొట్టుకుని మిథైల్‌గ్లయోక్సాల్‌గా మారిపోయింది. అది కణానికి విషం. లూప్ ఊగడం మీద ఇన్ని వ్యాసాలు రాస్తారు గానీ, అది గట్టిగా మూసుకుని ఉండటం గురించి పాఠాల్లో ఎందుకంత తక్కువ చెబుతారో నాకర్థం కాదు.

క్వాంటమ్ చాదస్తం:
మేడమ్ చెప్పినదాంతో పేచీ లేదు, వైవా కోసం ఒక హెచ్చరిక మాత్రం. "ఎంజైమ్ కదలికే బంధాన్ని తెంచుతుంది" అని నోరు జారకండి. ట్రాన్సిషన్ స్టేట్‌ని (బంధం సగం తెగిన స్థితిని) దాటడం ఫెమ్టోసెకన్ల పని, లూప్ కదలిక మైక్రో, మిల్లీసెకన్లది. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌లో లూప్ కదలికను ఆపే మ్యుటేషన్లు చేస్తే హైడ్రైడ్ మార్పిడి (రెండు ఎలక్ట్రాన్లతో హైడ్రోజన్ చేతులు మారడం) నిదానించిందని 2011లో పేపర్ వచ్చింది, చాలామంది దాన్ని రుజువుగా తీసుకున్నారు. అదే ఏడాది, ఎంజైమ్‌లను కంప్యూటర్‌లో లెక్కించే వార్షెల్ బృందం లెక్కలు వేసి, అది కదలిక పోవడం వల్ల కాదనీ, యాక్టివ్ సైట్‌లో విద్యుదావేశాల అమరిక చెదరడం వల్లనేననీ వాదించింది. నా ఓటు వార్షెల్‌కే.

పాత ఎన్ఎంఆర్ చెయ్యి:
బంధం తెగే క్షణం వరకూ నా ఓటూ అటే. కానీ అదే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్‌లో హైడ్రైడ్ మార్పిడి సెకనుకు వందల్లో జరుగుతుంటే, ప్రొడక్ట్ వదిలేది పన్నెండు పదమూడు సార్లే. కణానికి అందేది ఆ పన్నెండే. కదలిక వల్ల రసాయనానికి ఒరిగేదేం లేదన్నా, కెక్యాట్‌కి ఒరిగేది ఉంది. ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేసి కొట్టుకున్న సెమినార్లు చాలా చూశాను.

లూప్‌లో ఇరుక్కున్నాను:
మేడమ్, చాలా చాలా థ్యాంక్స్. మరి మా ఎంజైమ్‌లో నిదానమైన మెట్టు ఏదో ఎలా తెలుస్తుంది? మా దగ్గర ఎన్ఎంఆర్ లేదు. స్టాప్డ్ ఫ్లో (గబుక్కున కలిపి మొదటి మిల్లీసెకన్ల చర్యను కొలిచే మిషన్) అడిగితే దొరకొచ్చు.

పాత ఎన్ఎంఆర్ చెయ్యి:
స్టాప్డ్ ఫ్లో దొరికితే ఇంకేం కావాలి! ఎంజైమ్ కాస్త ఎక్కువ గాఢతలో పెట్టి మొదటి టర్నోవర్ (ఒక్కో ఎంజైమ్ ఒక్కసారి పని పూర్తి చేయడం) చూడండి. ప్రొడక్ట్ ముందు గబగబా వచ్చి, ఎంజైమ్‌కి సరిసమానంగా తయారయ్యాక నిదానిస్తే, ఆలస్యం రసాయనం తర్వాతే జరుగుతోందని అర్థం. తెగే బంధంలో హైడ్రోజన్ ఉంటే, దాన్ని డ్యుటీరియంగా (బరువైన హైడ్రోజన్) మార్చిన సబ్‌స్ట్రేట్‌తో కెక్యాట్ కొలవండి. స్పష్టంగా తగ్గితే రసాయనమే నిదానం.

స్టాప్డ్ ఫ్లో దొరక్కపోతే మామూలు స్పెక్ట్రోఫొటోమీటర్ మీదే, బఫర్‌లో సుక్రోజ్ కలుపుతూ చిక్కదనం పెంచుతూ పోండి. ప్రొడక్ట్ బయటికి పోవడం నిదానమైన మెట్టయితే కెక్యాట్ చిక్కదనంతో పాటు తగ్గుతుంది. పాత ఎంజైమ్, మ్యుటెంట్ రెండూ పక్కపక్కన చేయండి. 25 ఒక్కటే కాదు, 40, 55, 70 దగ్గర కూడా రెండింటికీ కెఎమ్, కెక్యాట్ తీయండి. చలిలో బతికే బాక్టీరియా అమైలేజ్‌ల (పిండిపదార్థాన్ని కోసే ఎంజైమ్‌లు) కథ మీకక్కడ పనికొస్తుంది: వదులుగా ఉండి చలిలో వేగంగా పనిచేస్తాయి, కెఎమ్ ఎక్కువ, వేడి చేస్తే ప్రొటీన్ మొత్తం విప్పుకోకముందే యాక్టివ్ సైట్ పాడవుతుంది. మీ మ్యుటెంట్ 70 దగ్గర అలాగే ముందుగా చచ్చిపోతే వైవాలో చెప్పుకోవడానికి ఇంకో మంచి స్లైడ్.

లూప్‌లో ఇరుక్కున్నాను:
సుక్రోజ్ బదులు గ్లిసరాల్ వాడొచ్చా? ల్యాబ్‌లో అదే ఉంది.

పాత ఎన్ఎంఆర్ చెయ్యి:
వాడండి, కానీ ఒక్కదాన్నే నమ్మకండి. గ్లిసరాల్ కొన్ని ఎంజైమ్‌లకు అతుక్కుంటుంది, అప్పుడు చిక్కదనం వల్ల తగ్గిందో, గ్లిసరాల్ అడ్డం పడి తగ్గిందో తెలీదు. సుక్రోజ్, గ్లిసరాల్ రెండింటితోనూ కెక్యాట్ తగ్గే వాలు ఒకటే వస్తే సరే. ఫైకాల్ లాంటి పెద్ద పాలిమర్‌తో కూడా ఒకసారి చేయండి. ద్రావణం చిక్కబడుతుంది గానీ చిన్న అణువుల కదలికకు పెద్దగా అడ్డురాదు, కాబట్టి కెక్యాట్ తగ్గకూడదు. తగ్గితే అసలు కారణం ఇంకేదో. అన్నట్టు మీ ఎంజైమ్ ఏమిటో మీరు చెప్పనేలేదు. చక్కెరల్ని కోసే రకం అయితే సుక్రోజ్ జోలికి పోకండి.