చేవెళ్ల రోడ్డు ఆగింది చెట్ల కేసు వల్లా, ముందే జనాన్ని అడగకపోవడం వల్లా?

తాండూరు ప్యాసింజర్:
సూటిగా అడుగుతున్నా, ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. హైదరాబాద్ శివారు అప్పా జంక్షన్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు నాలుగు వరుసల రోడ్డు వేస్తామని ఏళ్లుగా వింటున్నాం. మర్రిచెట్లు కొట్టొద్దని కొందరు పర్యావరణ కేసులు చూసే చెన్నైలోని హరిత ట్రైబ్యునల్‌కి పోయారు, పని ఆగింది. 2025 అక్టోబరు ఆఖరుకి గానీ కేసు తేలలేదు. నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ రోడ్డు మీద రోజూ కాలేజీకి, ఆసుపత్రికి పోయేవాళ్ల మాట ఎవరూ వినలేదు, ఆదివారం కారాపి మర్రి ఊడల కింద ఫొటోలు దిగేవాళ్ల మాట మాత్రం ఢిల్లీ దాకా వినపడింది. ప్రజాభిప్రాయం అంటే ఇదేనా?

మర్రిమాను:
అన్నా, మీ బాధ అర్థమవుతుంది కానీ కోపం తప్పు చోట పడింది. రోడ్డు వద్దని ఎవరూ అనలేదు. తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు, నిజాం కాలం నాటివి, వాటిని ఉంచి పక్కనుంచి వెడల్పు చెయ్యమన్నారు, అంతే. చివరికి ఒప్పుకున్నదీ దాదాపు అదే, చాలా చెట్లు ఉంటాయి, కొన్నిటిని పెకిలించి వేరే చోట నాటుతారు. ఆ డ్రాయింగేదో మొదట్లోనే గీసి ఉంటే కోర్టు పనేముంది? టిప్పర్లు కంకర మీద కనీసం పట్టా కూడా కప్పకుండా తిరుగుతుంటే ఆపాల్సినవాళ్ల సంగతి అడగరేం?

రూల్ నంబర్:
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. ఇది జాతీయ రహదారి, జాతీయ రహదారుల చట్టం 1956 తీసి చూడండి. ఫలానా భూమి తీసుకుంటామని 3ఎ సెక్షన్ కింద నోటిఫికేషన్ వస్తుంది, రెండు పేపర్లలో వేస్తారు, 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఎవరు? ఆ భూమిలో హక్కు ఉన్నవాళ్లు. అంటే మొయినాబాద్‌లో అరెకరం ఉన్నాయన చెప్పుకోవచ్చు. తాండూరు బస్సులో నిలబడి పోయే అమ్మాయికి ఆ దారి లేదు, చెట్ల గురించి పట్టించుకునేవాళ్లకీ లేదు. పోనీ పర్యావరణ బహిరంగ విచారణ ఉంటుందా అంటే, ఇప్పుడున్న జాతీయ రహదారిని వెడల్పు చేసేటప్పుడు 100 కిలోమీటర్లు దాటితేనే, అదీ అదనంగా తీసుకునే వెడల్పు ఒక హద్దు మించితేనే పర్యావరణ అనుమతీ, దానికోసం పెట్టే విచారణా. ఇది 46. అందుకని ఎవరూ ఎవర్నీ అడగలేదు, అడగాల్సిన అవసరం చట్టం పెట్టలేదు. మిగిలింది కోర్టే. కోర్టుకి పోతే స్టే తప్ప సలహా ఇచ్చే పద్ధతి ఉండదు కదా.

2013 భూసేకరణ చట్టంలో జనాన్ని అడిగి తేల్చే సామాజిక ప్రభావ అంచనా ఉంది కానీ జాతీయ రహదారులకు అది వర్తించదు, 2015 నుంచి నష్టపరిహారం లెక్క మాత్రం వర్తిస్తోంది. రాష్ట్ర రహదారులకి వర్తించాలి, అయితే మౌలిక వసతుల ప్రాజెక్టులకు మినహాయింపు ఇచ్చుకునే వీలు తెలంగాణ తన సవరణలో పెట్టుకుంది. చెన్నై–సేలం ఎనిమిది వరుసల రోడ్డు కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా 3ఎ నోటిఫికేషన్ ఇవ్వడానికి ముందే పర్యావరణ అనుమతి అక్కర్లేదంది. ఇక జనం మాట దూరే సందు ఎక్కడుందో మీరే చెప్పండి.

సైట్ ఇంజినీర్:
సార్, కాగితం మీద బాగానే ఉంటుంది. రోడ్డు ఎటు పోతుందో చూపే అలైన్‌మెంట్ బయటికొచ్చిన మర్నాడు ఆ పొలాల్లో ప్లాట్ల రాళ్లు పాతుతారు, రేకుల షెడ్లు లేస్తాయి, పరిహారం పెరుగుతుంది, ఎవరికి పలుకుబడి ఉంటే వాళ్ల ఫామ్‌హౌస్ దగ్గర రోడ్డు వంకర తిరుగుతుంది. హైదరాబాద్ చుట్టూ వేసే రీజినల్ రింగ్ రోడ్డు, అదే ట్రిపుల్ ఆర్, దక్షిణ భాగానికి 2025లో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ సర్వే నంబర్లు ప్రకటించి అభ్యంతరాలు అడిగింది. ఏమైంది, రైతులంతా మా భూమి వద్దు, పక్కవాళ్లది తీసుకోండి అన్నారు. అందర్నీ అడిగితే రోడ్డు పడదు.

మర్రిమాను:
ఆ రైతు తప్పేముంది? గీత గీసేశాక అడిగితే ఎవరైనా నా భూమి తప్పించండనే అంటారు. అడగకుండా చేస్తే ఏమవుతుందో ఉత్తర భాగంలో చూశాం, 2023లో రాయగిరి రైతులకు బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు.

రూల్ నంబర్:
ఇంజినీర్ గారు చెప్పిన ప్లాట్ల బెడద నిజమే, కానీ రహస్యంగా ఉంచినా ఆ రాళ్లు పాతేవాళ్లకి ముందే తెలుస్తుంది, తెలియనిది ఊళ్లోవాళ్లకే. నేననేది, రోడ్డు పూర్తి ప్లాను, అదే డీపీఆర్, తయారయ్యే లోపే రెండు మూడు దారులు గీసి మొయినాబాద్, చేవెళ్ల బస్టాండుల్లో పెట్టండి. బైపాస్ ఎటు పోవాలి, స్కూలు దగ్గర అండర్‌పాస్ కావాలా, ఏ వైపు చెట్లు ఎక్కువున్నాయి, బస్సు ఎక్కడ ఆగాలి, ఇవన్నీ ఆ దారిలో తిరిగేవాళ్లకి తెలిసినంతగా ఆఫీసులో కూర్చున్న కన్సల్టెంటుకి తెలియవు. మూడు నెలలు పడుతుందనుకోండి, కోర్టులో పోయినన్ని ఏళ్లయితే పోవు.

తాండూరు ప్యాసింజర్:
చెట్లవాళ్ల మీద నా కోపం ఇంకా తగ్గలేదు, స్టే అడిగినప్పుడు మమ్మల్నీ ఓ మాట అడగాల్సింది. కానీ బస్టాండులో మ్యాప్ పెడితే నేను మాత్రం వెళ్లి చెప్తా.

సైట్ ఇంజినీర్:
పెట్టండి, సర్వే నంబర్లు మాత్రం లేకుండా.

మర్రిమాను:
సర్వే నంబర్లు లేని మ్యాప్‌లో రైతు తన పొలం ఎలా వెతుక్కుంటాడు సార్?