2011 వ్యాగన్ఆర్ పెట్రోల్, సెకండ్ హ్యాండ్: సిటీలో మైలేజీ 11 దాటట్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

బెజవాడ_వ్యాగన్

అందరికీ నమస్కారం. పోయిన సంక్రాంతికి ముందు 2011 మోడల్ వ్యాగన్ఆర్ వీఎక్స్ఐ, కె10 పెట్రోల్ ఇంజను, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మీటరు మీద లక్షా పది వేలు తిరిగింది. తుప్పు లేదు, ఏసీ చల్లగా వస్తుంది, ఇంజను సౌండ్ కూడా బాగానే ఉంది. బాధంతా పెట్రోలుతోనే. రోజూ భవానీపురం నుంచి మంగళగిరి వెళ్లి రావాలి, బెంజ్ సర్కిల్ వైపు పని పడితే ఇంకా ట్రాఫిక్. సిటీలో 10, 11 మధ్య వస్తోంది, హైదరాబాద్ హైవే మీద 13న్నర. కంపెనీ అప్పట్లో చెప్పింది 18.9. అంత రాదని నాకూ తెలుసు, కానీ ఇదే ఇంజను ఉన్న మా బావమరిది బండి హైవే మీద 17 ఇస్తుంటే నా బండిలో ఏదో తేడా ఉందనే అనిపిస్తోంది. లీటరు 110 దరిదాపుల్లో ఉంది, నెలాఖరుకి లెక్క చూసుకుంటే నిజంగా టెన్షన్‌గా ఉంటోంది.

ఇప్పటికి ఎయిర్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు మార్పించాను. ఆయిల్ కూడా మార్పించా, మా వీధి మెకానిక్ పాత ఇంజనుకి చిక్కటి ఆయిలే మంచిదని 20డబ్ల్యూ40 పోశాడు. టైర్లు అమ్మినాయనే కొత్తవి వేయించి ఇచ్చాడు, 175/65 ఆర్14. ఇప్పుడు ఒకరేమో ఇంజెక్టర్ క్లీనింగ్ అంటున్నారు, ఇంకొకరు సీఎన్‌జీ కిట్ పెట్టించెయ్ అంటున్నారు, ఆన్‌లైన్‌లో ఓబీడీ పోర్టుకి (బండి కంప్యూటరుకి స్కానర్ తగిలించే చోటు) గుచ్చితే మైలేజీ పెరుగుతుందని ఒక డబ్బా అమ్ముతున్నారు. చేతిలో పెద్దగా డబ్బుల్లేవు, అందుకే ముందు దేని మీద పెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_మెకానిక్

తమ్ముడూ, ముందు ఆ డబ్బా ఆలోచన మానెయ్. నేను అలాంటివి విప్పి చూశాను, లోపల లైట్లు వెలిగించే చిన్న బోర్డు తప్ప ఏమీ ఉండదు, ఈసీయూలో (ఇంజనుని నడిపించే కంప్యూటరు) ఒక్క అంకె కూడా మార్చలేదు. ఆ డబ్బుతో అదే పోర్టుకి పెట్టే బ్లూటూత్ స్కానర్ కొనుక్కో. ఈఎల్ఎమ్327 అని అడిగితే ఇస్తారు, ఫోనులో యాప్ వేసుకుంటే ఇంజను లోపల ఏం జరుగుతుందో నీకే కనిపిస్తుంది. మరీ చవక కాపీలు కొన్ని కలవవు, వాపసు తీసుకునే షాపులో కొను.

అందులో మొదట కూలెంట్ టెంపరేచర్ చూడు. పాత బండ్లలో మైలేజీ పడిపోయిందని నా దగ్గరికి వచ్చేవాటిలో చాలావాటికి థర్మోస్టాట్, అంటే ఇంజను వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు, ఉండదు. ఎప్పుడో ఒకసారి బండి వేడెక్కి ఉంటుంది, అప్పుడు దారిలో దొరికిన మెకానిక్ దాన్ని పీకేసి నీళ్లు పోసి పంపేసి ఉంటాడు, ఓనరుకి కూడా తెలియదు. థర్మోస్టాట్ లేకపోతే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్ గుండా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఇంజను వేడెక్కాల్సినంత వేడెక్కదు. ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోలు కాస్త ఎక్కువ వదులుతుంది, దానికి తోడు ఆయిల్ పల్చబడక రాపిడి పెరుగుతుంది. గుర్తు పట్టడం తేలిక: ట్రాఫిక్‌లో 85, 90 చూపించి, హైవే ఎక్కి గాలి తగలగానే 65కి, 60కి పడిపోయిందంటే థర్మోస్టాట్ లేదు, లేదా తెరుచుకుని అలాగే బిగిసిపోయింది. బాగున్న బండిలో హైవే మీద కూడా 80కి పైనే నిలకడగా ఉండాలి.

తర్వాత లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని ఉంటుంది, ఈసీయూ పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె, దాన్ని చూడు. సున్నాకి అటూ ఇటూ 5, 6 ఉంటే మిక్స్చర్ బాగానే ఉన్నట్టు. ప్లస్ 15, 20కి పోతే ఎక్కడో గాలి లీకవుతుండొచ్చు, ఆక్సిజన్ సెన్సర్ ముసలిదై ఉండొచ్చు. ఇది చూడకుండా ఇంజెక్టర్ క్లీనింగ్‌కి డబ్బులివ్వొద్దు, అది తప్పని అనను కానీ ముందే చేయాల్సిన పని కాదు.

మూడోది బ్రేకులు. ఓ పదిహేను కిలోమీటర్లు గట్టిగా బ్రేకు కొట్టకుండా నడిపి ఆపు, నాలుగు చక్రాల రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడు, ముట్టుకోకు. ఏదైనా ఒకటి మిగతావాటికన్నా వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టుకుని ఉంది. జాకీ మీద లేపి చేత్తో తిప్పినా తెలుస్తుంది.

ఆయిల్ ఈసారి మార్చేటప్పుడు 5డబ్ల్యూ30 పోయించు. ఈ కె సిరీస్ ఇంజన్లకి కంపెనీ పుస్తకంలో ఉన్నది అదే, సందుల కొలతలన్నీ పల్చటి ఆయిల్‌ని లెక్కలోకి తీసుకుని చేసినవి. ఇంజను ఆయిల్ తాగట్లేదు కదా, మరి 20డబ్ల్యూ40 ఎందుకు?

లెక్కల_మాస్టారు

మెకానిక్ గారు చెప్పినవన్నీ చేయండి, కానీ అసలు మీ 11 అనే అంకె ఎంతవరకు నిజమో చూద్దామండి. వీఎక్స్ఐకి కంపెనీ ఇచ్చే టైరు 155/65 ఆర్14. మీకు వేసింది 175/65. లెక్కేస్తే పాత టైరు ఎత్తు సుమారు 557 మిల్లీమీటర్లు, కొత్తది 583. అంటే చక్రం ఒక్కసారి తిరిగితే బండి దాదాపు 4.7 శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరుకి ఆ సంగతి తెలియదు. మీటరు 100 చూపించినప్పుడు మీరు నిజానికి 104.7 కిలోమీటర్లు వెళ్లారు. అలా చూస్తే మీ హైవే 13న్నర నిజంగా 14.1, సిటీ 11 అంటే 11న్నర.

ఇలాగని వెడల్పు టైరు మంచిదని కాదు. బరువు ఎక్కువ, రోడ్డు మీద రాపిడి ఎక్కువ, పైగా గేర్లన్నీ కాస్త పొడుగైనట్టు అవుతుంది, సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు ఇంజను ఎక్కువ కష్టపడాలి. స్పీడు కూడా మీటరులో కనిపించే దానికన్నా ఎక్కువ ఉండొచ్చు, స్పీడు కెమెరాలున్న చోట అది గుర్తుపెట్టుకోండి.

కొలిచే పద్ధతి కూడా ఒకటే పెట్టుకోండి. ఒకే బంకు, వీలైతే ఒకే పంపు, నాజిల్ తనంతట తాను కట్ అయ్యేదాకా కొట్టించి అక్కడితో ఆపించాలి, రౌండ్ ఫిగర్ కోసం పైన ఇంకో నలభై రూపాయలు కొట్టించొద్దు. కనీసం 300 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అలాగే నింపి భాగించండి. 500 రూపాయలకి కొట్టించి లైటు వెలిగేదాకా నడిపి వేసే లెక్కతో ఏదీ తేలదు.

గుంటూరు_పెట్రోల్

బ్రో, 18.9తో పోల్చుకోవడం కూడా మానుకో. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు. ఎథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోలుకన్నా దాదాపు మూడో వంతు తక్కువ, ఐదో వంతు అదే కలిపాక మైలేజీ తగ్గకుండా ఎలా ఉంటుంది? నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికలోనే పాత కార్లకి 6, 7 శాతం తగ్గొచ్చని రాశారు. అంటే నీ బండి కొత్తగా ఉన్నా ఈ పెట్రోలుతో 17న్నర, 17.8 దగ్గరే ఆగేది, అదీ టెస్టు రూములో.

నాకు మైలేజీ కన్నా రబ్బరు గొట్టాల గురించే ఎక్కువ భయం. ఈ20కి తట్టుకునే రబ్బరు 2023 ఏప్రిల్ తర్వాతి బండ్లలోనే ఖాయంగా ఉంటుంది. నీది 2011. బానెట్ ఎత్తి ఫ్యూయల్ హోస్‌లు వేలితో నొక్కి చూడు, పగుళ్లు కనిపించినా, మెత్తగా ఉబ్బినట్టున్నా, పొద్దున్నే పెట్రోలు వాసన వచ్చినా వెంటనే మార్పించు. ఇది మైలేజీ కోసం కాదు, ఎండాకాలంలో ఇంజను దగ్గర పెట్రోలు కారితే బండి తగలబడుతుంది.

సీఎన్‌జీ విషయానికొస్తే, నీ బండికి 2026తో పదిహేనేళ్లు నిండుతాయి, రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కి ఫిట్‌నెస్ చూపించాలి. కిట్ పెడితే ఆర్‌సీలో ఎక్కించాలి, సిలిండరుకి మూడేళ్లకోసారి నీటి ఒత్తిడితో చేసే హైడ్రో టెస్టు. ముందు బండి ఇంకా ఎన్నేళ్లు ఉంచుకుంటావో తేల్చుకున్నాక ఆ ఖర్చు గురించి ఆలోచించు.

బెజవాడ_వ్యాగన్

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. స్కానర్ తెప్పించి పెట్టాను. మెకానిక్ అన్న చెప్పినట్టే ఉంది: వారధి మీద ట్రాఫిక్‌లో 88, కాజ టోల్‌గేటు వైపు 80 స్పీడులో పోతుంటే 63కి దిగింది. ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 4. ముందు ఎడమ చక్రం మాత్రం మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంది. హోస్‌లు బాగానే కనిపిస్తున్నాయి, వాసన లేదు. థర్మోస్టాట్ కొని మా వీధిలోనే వేయించేయనా? ఇంకో విషయం, వారధి దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుందా?

ఆటోనగర్_మెకానిక్

ఆగు తమ్ముడూ, వెంటనే వేయించకు. అది ఊరికే పీకరు, ఒకప్పుడు బండి వేడెక్కింది కాబట్టే పీకారు. ఎందుకు వేడెక్కిందో సరిచేయకుండా కొత్తది బిగిస్తే మళ్లీ వేడెక్కుతుంది, ఈసారి హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పై భాగం కింద ఉండే సీలు) పోతుంది, అప్పుడు నువ్వు మిగిల్చుకున్న పెట్రోలు డబ్బంతా దానికే పోతుంది. ముందు రేడియేటర్ విప్పి చూపించు. బోరు నీళ్లు పోసి నడిపిన బండి అయితే లోపల సున్నం కట్టి ఉంటుంది, సగం గొట్టాలు మూసుకుపోయి ఉంటాయి. ఫ్యాన్ ఎంత వేడికి తిరుగుతోందో స్కానర్‌లోనే చూడొచ్చు, ఏసీ ఆపేసి నిలబెట్టి చూడు. వాటర్ పంపు దగ్గర కారిన మరక ఉందేమో చూడమను. రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడితే మూత మార్చు, తక్కువ ఖర్చే.

ఇవన్నీ బాగున్నాయంటే థర్మోస్టాట్, దాని గ్యాస్కెట్ ఒరిజినల్ కొని వేయించు, మామూలు నీళ్లు కాకుండా కలిపి అమ్మే కూలెంట్ పోయించు, లోపల గాలి పూర్తిగా పోయేదాకా ఇంజను నడిపించమను. గాలి ఉండిపోతే మళ్లీ వేడెక్కిందనుకుని ఇంకెవరో దాన్ని పీకేస్తారు. తర్వాత వారం పాటు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ లెవెల్ చూసుకో. వేడి ఇంజను మీద మూత తీయొద్దు.

ఎడమ చక్రానికి కాలిపర్ (బ్రేకు ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పిన్నులు బిగుసుకుని ఉంటాయి, విప్పి శుభ్రం చేసి పిన్నులకి వేసే గ్రీజు పెడితే చాలావరకు సరిపోతుంది. రబ్బరు బూట్లు చిరిగుంటే అవి కూడా మార్చాలి, లేకపోతే వానాకాలానికి మళ్లీ ఇదే కథ. ఇది మైలేజీకే కాదు, గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక పక్కకి లాగేస్తుంది, కాబట్టి అన్నిటికన్నా ముందు ఇదే చేయించు.

న్యూట్రల్ వద్దు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఈ ఇంజన్లలో ఇంజెక్టర్లు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి, చక్రాలే ఇంజనుని తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే ఐడిల్‌కి పెట్రోలు పోస్తూనే ఉండాలి. పైగా ఇంజను బ్రేకింగ్ పోతుంది. ముందు రెడ్ సిగ్నల్ కనిపించగానే కాలు తీసేసి గేరులోనే జారనివ్వు, అక్కడే ఎక్కువ మిగులుతుంది. హైవే మీద 80, 85 దాటకు, వ్యాగన్ఆర్ ఎత్తు బండి, 100కి వెళ్లేసరికి గాలిని తోయడానికే పెట్రోలు కాలిపోతుంది.

బెజవాడ_వ్యాగన్

రేడియేటర్‌లో నిజంగానే సున్నం ఉందన్నా, శుభ్రం చేయించి మూత మార్పించి, ఆ తర్వాతే థర్మోస్టాట్ వేయించాను. ఇప్పుడు హైవే మీద 84 దగ్గర కదలకుండా ఉంటోంది. బ్రేకు కూడా వదిలింది. మాస్టారు చెప్పిన పద్ధతిలో, టైరు లెక్క కూడా కలిపి చూస్తే హైవే 16, సిటీ 12న్నర దాటింది. ఆయిల్ ఇంకా మార్చలేదు. చాలా సంతోషంగా ఉంది. ఈ టైర్లు ఇప్పుడే తీసేయాలా, అరిగేదాకా ఆగొచ్చా?

లెక్కల_మాస్టారు

కొత్త టైర్లు పారేయకండి, కొత్తవాటి ఖర్చు పెట్రోల్లో మిగిలేదానికన్నా ఎక్కువ. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు, నలుగురు కూర్చుని గుంటలో దిగినప్పుడు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకుంటుందేమో మాత్రం చూసుకోండి. రాసుకుంటే వెంటనే మార్చాలి. లేదంటే చల్లగా ఉన్నప్పుడు గాలి సరిచూసుకుంటూ నడపండి, ఎంత పెట్టాలో డ్రైవర్ డోరు తెరిస్తే పక్కన స్టిక్కరు మీద ఉంటుంది. అది 155 టైరుకి రాసిన అంకె, అంతకు తగ్గించొద్దు. అరిగాక 155/65కే వెళ్లండి.