బోరు ఎండిపోయింది. మళ్లీ బోరా, ఇంకుడు బావులా? (సర్జాపూర్ రోడ్డు, బెంగళూరు)

సర్జాపూర్_సుధ
అందరికీ నమస్కారం. మాది 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. 2024 వేసవిలో రెండు బోర్లలో ఒకటి పూర్తిగా ఎండిపోయింది, రెండోది పొద్దున ఓ అరగంట పోసి ఆగిపోతోంది, ఇక ట్యాంకర్లే దిక్కు. ఇప్పుడు కమిటీలో ఎక్కువమంది 1,400 అడుగుల దాకా ఇంకో బోరు వేద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. వానొచ్చినప్పుడల్లా టెర్రస్ మీది నీళ్లు పైపులోంచి ధారకట్టి రోడ్డు కాలువలో పడుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఇంకుడు బావులు తవ్విస్తే నిజంగా ఫలితం ఉంటుందా? తవ్వేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? ఆదివారం మీటింగ్, టెన్షన్‌గా ఉంది.

యలహంక_రామ్
సుధ గారూ, మీటింగులో లెక్కతో మాట్లాడండి. బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. టెర్రస్ 5,000 చదరపు అడుగులు అనుకున్నా ఏడాదికి దగ్గర దగ్గర 4.5 లక్షల లీటర్లు, ఒక్క అంగుళం వానకే 11 వేలు పైన. మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు బావి ఒకసారి నిండితే 4,000 లీటర్లు పడుతుంది, అంటే ఆ ఒక్క అంగుళం వాన పట్టడానికే మీకు కనీసం మూడు కావాలి.

కానీ ఒక మాట. వచ్చే ఏడాదికే బోరు నిండుతుందని మాత్రం ఎవరికీ మాటివ్వకండి. బోరు నీళ్లు ఎక్కడో వెయ్యి అడుగుల కింద రాతి పగుళ్లలో ఉంటాయి, ఇంకుడు బావి ముందు నింపేది పైనున్న మట్టి పొరని. ఆ పై నీళ్లు పెరిగితే మామూలు బావిలోంచే తోడుకోవచ్చు, కనీసం మొక్కలకీ బాత్రూములకీ ట్యాంకరు తప్పుతుంది. కబ్బన్ పార్కులో పాత బావులు ఏడింటికి పూడిక తీస్తే మళ్లీ నీళ్లొచ్చాయి కదా.

బావులోళ్ల_పిల్లాడు
అక్కా, ఆ కబ్బన్ పార్కు బావులు బాగుచేసింది మావాళ్లే, మన్ను వడ్డర్లు. మాదీ బావులు తవ్వే ఇల్లే. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, సర్జాపూర్ వైపు మావాళ్ల కుటుంబాలు చాలా ఉన్నాయి, మీకు దగ్గరే.

మా నాన్న జాగా చూడగానే పార పట్టడు. ముందు చుట్టూ తిరిగి వాన నీళ్లు ఎటు పారతాయో, సెప్టిక్ ట్యాంకు, డ్రైనేజీ లైను ఎక్కడున్నాయో చూస్తాడు, అవి దగ్గరుంటే అక్కడ తవ్వనంటాడు. తవ్వుతూ ప్రతి రెండు మూడడుగులకీ గుప్పెడు మట్టి తీసి పిసికి చూస్తాడు. ఎర్రమట్టి ముద్దకడుతుంది, దాని కింద మొరం, అంటే గరుకు రాతిమట్టి, వస్తే వేళ్ల మధ్య రాలిపోతుంది. నీళ్లు ఇంకేది అక్కడే, అందుకే మొరం తగలకుండా పైనే ఆపేసిన బావి తొట్టిలా నిలవుంటుందంటాడు. అడుగున సిమెంటు వేయనివ్వకండి. బావి గోడకి దించే సిమెంటు ఒరలకి బెజ్జాలుండాలి, వాటి చుట్టూ కంకర నింపాలి. పాత బావి పూడిక తీసే పనయితే దీపం దించి చూడకుండా మనిషిని దించొద్దు, గాలి ఆడకపోతే ప్రాణం పోతుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. బోరు బండికి అడిగినంత ఇస్తారు, నీళ్లు పడకపోయినా ఇస్తారు. ఇరవై అడుగుల లోపల నిలబడి తవ్వే మనిషి దగ్గర మాత్రం బేరమాడతారు. అది చాలా బాధగా ఉంటుందక్కా.

కోలారు_సీతమ్మ_మనవడు
తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. మా ఊళ్లో చెరువుకి నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలి, ఎవరి మడికి ఎంతసేపు పారాలి, అంతా అతని చేతిలోనే, కోతలప్పుడు రైతులు ధాన్యం కొలిచేవాళ్లు. బోర్లొచ్చాక నీరుగంటితో పని లేదన్నారు, కాలువలు పూడిపోయాయి, తర్వాత బోర్లూ ఎండాయి. మీ బావులకీ అలాంటి మనిషి కావాలి. తొలి వాన నీళ్లు బయటికి వదలడం, ఫిల్టరులో ఆకులు తీయడం, ఏడాదికోసారి పూడిక. ఆ పని ఎవరిదో, జీతం ఎంతో ఆదివారమే రాయించండి, లేకపోతే రెండేళ్లకి అవి చెత్త గుంటలవుతాయి.

సర్జాపూర్_సుధ
అందరికీ చాలా థ్యాంక్స్. ఇప్పుడే టేపు పట్టుకుని కొలిచాం, టెర్రస్ 6,200 చదరపు అడుగులుంది. తమ్ముడూ, శనివారం నాన్నగారు ఒకసారి వచ్చి జాగా చూస్తారా? చూసినందుకు ఆయన కూలి ఎంతో చెప్పు, బేరమాడను. కుదిరితే ఆదివారం మీటింగుకి కూడా ఉండమను, పిసికిన మట్టి ఆయన చేతిలోనే కమిటీవాళ్లకి చూపించాలని ఉంది.