నాలుక కింద పెట్టే బిళ్ళ: వైద్యమా, ఇంకో అలవాటా?

చంపావతి:
మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. తమ్ముడికి 29 ఏళ్ళు. మూటలు మోసి నడుం పట్టేస్తే ట్రమడాల్ అనే నొప్పి బిళ్ళలు మొదలెట్టాడు. ఇప్పుడు నడుం బాగానే ఉంది, బిళ్ళలే రోజుకి పదిహేను దాటాయి. అందకపోతే ఆవలింతలు, ముక్కు కారడం, రాత్రంతా మంచమ్మీద కాళ్ళు కొట్టుకుంటాడు. విశాఖలో డాక్టరుగారు ఈ అలవాటు మాన్పడానికి బ్యూప్రినార్ఫిన్ అని నాలుక కింద పెట్టే బిళ్ళ పెడదామన్నారు. "మత్తు మాన్పడానికి మళ్ళీ మత్తుబిళ్ళేటి?" అని నాన్న ఒప్పుకోవట్లేదు. వాడినవాళ్ళుంటే చెప్పండి.

నాగావళి ఒడ్డు:
అక్కా, నాది మత్తు ఇంజక్షన్ల అలవాటు. మూడేళ్ళుగా ఈ బిళ్ళ మీదున్నాను, రోజూ పనికెళ్తున్నాను. మొదటిరోజే జాగ్రత్త. పాతది దిగి, ఒంట్లో బాధ మొదలయ్యాకే మొదటి డోసు ఇస్తారు. నేను తెల్లారి ఒకటి ఎక్కించుకుని వెళ్ళి, లేదని అబద్ధమాడాను. కాసేపటికే వాంతులు, చెమటలు, ప్రాణం పోతుందనుకున్నాను. పాతదాన్ని తోసేసి ఆ చోట ఇది కూర్చుంటుందట. చివరిసారి ఎప్పుడు వేసుకున్నాడో తమ్ముణ్ణి నిజం చెప్పమను.

వార్డు సిస్టర్:
చంపావతీ, మీ నాన్నగారి భయం తప్పు కాదమ్మా, చాలామంది ఇదే అడుగుతారు. సరైన డోసులో మనిషి మత్తులో తూగడు, ఆ తహతహ తగ్గుతుంది, అంతే. బ్యూప్రినార్ఫిన్, ఇదే పనికి వాడే ఇంకో మందు మెథడోన్, రెండూ 2005లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోకి ఎక్కాయి. బిళ్ళని మింగకూడదు, నాలుక కింద కరిగేదాకా మాట్లాడకుండా కూర్చోవాలి. కరిగాక నాలుక పైకెత్తించి చూస్తాం. సారా, బ్రాందీ లాంటివి తాగి గానీ, నిద్రబిళ్ళలతో గానీ వేసుకుంటే ఊపిరి ఆగే ప్రమాదం. మలబద్ధకం వస్తుంది, నీళ్ళు బాగా తాగించండి. ఇంకేమైనా అడగాలంటే మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

టెక్కలి అమ్మ:
తల్లీ, మీ నాన్నకి ఇది చదివి వినిపించు. మావాణ్ణి ఒక ప్రైవేటు చోట పది రోజులు గదిలో పెట్టి, మానిపించేశాం అని పంపేశారు. తర్వాత వాడాల్సిన మందు ఏదీ రాయలేదు. మేమూ అడగలేదు, బాగైపోయాడనే అనుకున్నాం. నెల తిరక్కుండా మళ్ళీ ఎక్కించుకున్నాడు, ఎప్పటంతే. మధ్యలో ఒళ్ళు ఆ డోసుకి అలవాటు తప్పిపోయిందని తర్వాత డాక్టరు చెప్పారు. వాడి చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి.

చంపావతి:
అమ్మా... చదివి వినిపించాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మంగళవారం రైలుకి తనూ వస్తానన్నాడు. మాటిమాటికీ వెళ్ళాలా? కూలి పోతుంది.

నాగావళి ఒడ్డు:
మొదట్లో తరచుగా వెళ్ళాలక్కా. కుదుటపడ్డాక కొన్ని రోజులకి సరిపడా చేతికిచ్చారు నాకు. ఎన్నాళ్ళు వాడాలో డాక్టరే చెప్తారు, మీకు మీరు ఆపేయొద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే బిళ్ళలకి తాళం ఉండాల్సిందే. ఒక్కటి మింగినా వాళ్ళ ప్రాణానికి ముప్పు. మా ఇంట్లో ఇనప్పెట్టెలో ఉంటాయి, తాళంచెవి మా ఆవిడ మెడలో.